దుప్పి ముందుపళ్లు

మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద కుండ, కుండలో బూడిద నీళ్లు, నీళ్లలో దుప్పి తల, తల మీంచి బయటికి పొడుచుకొచ్చిన రెండు కొమ్ములు, వాటి మొదళ్లకు ఆవిరి తగలకుండా చుట్టిన తడి అడ్డాకులు. మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాడు మల్లేశు, గలగల పారే గెడ్డ ఒడ్డున బండ మీద గొంతుక్కూర్చుని. పొద్దు అప్పుడే కొండ మీదికెక్కింది, ఎదుటి లోయలో మంచు ఇంకా విడలేదు, ఊళ్లోంచి మాంసం ఉడుకుతున్న వాసన గాలివాటుగా వచ్చి పోతోంది, అన్ని ఇళ్ల పొయ్యిల మీదా ఉడుకుతున్నది తన వేటే. ఆ మాట మళ్లీ ఓసారి అనుకున్నాడు, తన వేటే. నిన్నటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నాడో, అయినా పాతబడలేదు. మంట మాత్రం పెద్దది కాకూడదు. ఆత్రగాడు తల ఉడకబెడితే పళ్లు రాలతాయని అయ్య అనేవాడు, నీళ్లు కుతకుతలాడకూడదు, ఊరికే అలా కదులుతూ ఉండాలి, కండ దానంతటదే ఎముకను వదలాలి గానీ మనం లాక్కోకూడదు. అయ్య ఏది చెప్పినా రెండుసార్లు చెప్పేవాడు, రెండోసారి మొట్టికాయతో. ఆ మొట్టికాయల పుణ్యమే, నాలుక ఎలా కొయ్యాలో, కళ్లు ఎలా తియ్యాలో, తల వెనక బొక్కలోంచి సన్న వెదురుపుల్లతో మెదడు ఎలా తోడాలో ఎవరినీ అడక్కుండా చేసుకుపోతున్నాడు. అడగడానికి వీల్లేదు కూడా.

పళ్లు. అసలు సంగతంతా పళ్లలోనే ఉంది. కొమ్ములదేముంది, హుకుంపేట సంతకు పోతే ఎవడో ఒకడు అమ్ముతూనే ఉంటాడు, ఓపికుంటే రాలిన కొమ్ములు అడవిలో ఏరుకోనూ వచ్చు, అందుకే ఈ ఊళ్లో ఉత్త కొమ్ములు చూసి మురిసిపోయేవాళ్లు లేరు. కొట్టినవాడి ఇంటి తలుపు మీదికెక్కాలంటే తల మొత్తం ఎక్కాలి, కింది దవడతో సహా, నోట్లో పన్ను పన్నూ ఉండాలి. ఒక్కటి తగ్గినా ఆ తలకు ఆకలి తీరదు. కొరకలేని నోరు ఎంత మేసినా నిండదు, చీకటి పడగానే తలుపు దిగి ఆ ఇంటివాడి సామ చేలోనే పడి తెల్లార్లూ మేస్తుంది. వెనకటికొకడు పన్ను తక్కువ తల కట్టుకుంటే ఆ ఏడు వాడి చేను నున్నగా అయిపోయిందట. మేకలే మేశాయేమో, ఎవరు చూశారు, పేరు మాత్రం దుప్పికొచ్చింది. అదీగాక దుప్పికి పై దవడలో ముందుపళ్లు దేవుడే ఇవ్వలేదు, ఉన్నవన్నీ కింది దవడకే, అవి చూడబోతే పాలపళ్లంతేసి, పట్టు అంతంత మాత్రం. కాస్త మంట ఎక్కువైతే మొదట సెలవు పుచ్చుకునేవి అవే. మల్లేశు లేచి కుండలోకి తొంగిచూశాడు, అంతా బాగానే ఉంది, దవడ దగ్గర కండ తెల్లబడి అంచులు విడుతోంది, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

గాసి నాయుడు మధ్యాహ్నానికల్లా వస్తానన్నాడు. నాయుడంటే ఈ ఊరి పెద్ద, మాట పెళుసు, మనసు మంచిదే, చూపు మాత్రం డేగ చూపు, దుప్పి నోరు తెరిచి వేలు పెట్టి పన్ను పన్నూ కదిపి చూస్తాడు, ముసలాడు వదలడు. రేపు ఇటుకల పండుగ, ఏటేటా చైత్రంలో వచ్చే వేట పండుగ. రేపు తెల్లవారేసరికి కొండతల్లికి విత్తనాలు చూపించి మగాళ్లంతా వేటకు బయల్దేరతారు. అడవి తోలేవాళ్లు డప్పులతో ఆ చివర నుంచి వస్తారు, విల్లుగాళ్లు ఈ చివర ఎవరి మాటులో వాళ్లు కూర్చుంటారు. మాటులన్నిట్లోకీ మంచిది రాతిమాటు, రెండు బండల మధ్య సందు, పారిపోయే జంతువు ఎటు తిరిగినా చివరికి అక్కడికే వస్తుంది. అది మల్లేశు తాతది, తర్వాత అయ్యది, తర్వాత తనది. ఎలుగుబంటి వచ్చి చెయ్యి నమిలిపోయిన ఏడు గాసి నాయుడు దాన్ని మల్లేశు తమ్ముడు మంగ్లుకిచ్చి, మల్లేశును డప్పులవాళ్లలో కలిపాడు. తప్పనడానికేముంది, బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ లేని చేత్తో విల్లెవడు లాగుతాడు. కానీ రెండేళ్లు డప్పు మోసి, ఆ సందులోంచి జంతువులు బతికి బయటపడుతుంటే వెనక నుంచి చూస్తూ మల్లేశు కుమిలిపోయాడు. కిందటి చైత్రంలో అందరి ముందూ అడిగేశాడు, నా మాటు నాకు ఎప్పుడిస్తారని. నాయుడు చాలాసేపు చుట్ట కాల్చి చెప్పాడు, ఒక్కడివీ పోయి కొమ్ముల మృగాన్ని కొట్టు, ఆ తల నువ్వే మోసుకురా, నువ్వే శుభ్రం చెయ్యి, వచ్చే పండుగ లోపల నువ్వే తలుపు మీద కట్టు, మరొకరి చెయ్యి పడకూడదు, మరొకరి మాట పడకూడదు, మాటులో కూర్చున్నవాడికి ఇదిగో వస్తోందని ఎవరూ చెప్పరు కదా. కట్టావా మాటు నీది. కట్టలేదా, అది మంగ్లుది, మంగ్లు పిల్లలది, ఇంక నువ్వా మాట ఎత్తకూడదు. సరే అన్నాడు మల్లేశు. సరే అనడానికి ఎంతసేపు.

మంగ్లు పాపం రాతిమాటు కావాలని ఏనాడూ అడగలేదు. వాడికి గురి లేదు, అది వాడికే తెలుసు. గూడెం కొండల్లో ఫితూరీ లేచి అణిగాక తుపాకులున్నవాళ్లంతా ఠాణాలో అప్పజెప్పి రమ్మన్నారు, అటకల మీది విల్లులు మళ్లీ కిందికి దిగాయి, దాంతో ఊళ్లో సగం మంది మొనగాళ్ల రంగు బయటపడింది, ఆ సగంలో మంగ్లు ముందున్నాడు. మంచి మాటులో కూర్చుని ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరుకుంటారా. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురు కట్టి, పేడనీళ్ల కుండలు పెట్టుకుని కూర్చుంటారు, వేట తేనివాడి మీద కుమ్మరించి గాని ఇంట్లోకి రానివ్వరు. రెండేళ్లూ మంగ్లుకు నిలువునా స్నానమే. కిందటేడు కుండెత్తి పోసింది వాడి పెళ్లాం ముత్యాలమ్మే. చెవుల్లో పేడ మూడ్రోజులకి గాని వదల్లేదని వాడే చెప్పుకుని నవ్వాడు. నవ్వాడు గానీ, ఆ రాత్రి ఇద్దరూ జీలుగు కల్లు తాగుతుంటే, నీ సోటు నాకెందుకన్నా, నా డప్పు నాకిప్పించు అని వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నది మల్లేశు మరిచిపోలేదు. ఎలుగు మీదికి ఉత్త గొడ్డలితో ఉరికింది ఆ మంగ్లే. గురి లేనివాడికి గుండె ఉండదని ఎవరన్నారు.

పొయ్యిలో పుల్ల ఎగదోశాడు. చిన్నదే, ఫర్వాలేదు. ఎగదోసిన చెయ్యి ఎడమది, కుడిది అలవాటు ప్రకారం పంచె మడతలో దాక్కుని ఉంది, ఇక్కడ చూసేవాళ్లెవరున్నారని, అయినా దాక్కుంటుంది. మిగిలినవి రెండు వేళ్లు, ఉంగరం వేలూ చిటికెన వేలూ, వాటికి ఈ పక్క అంతా ముడతలు పడ్డ ఎర్రటి తోలు. అది జరిగింది ఇప్పచెట్టు కింద, పూలు తింటున్న ఎలుగు తనను చూడలేదు, తను ఎలుగును చూడలేదు, ఇద్దరూ తలొంచుకునే వచ్చి ఢీకొన్నారు. పెళ్లాం సోములమ్మ ఏవో ఆకులు నమిలి నమిలి ఆ గాయంలో కుక్కింది, పదిహేను రోజులు నోరు పాచిపోయి కూడు సహించలేదు దానికి. అంత చేసిన మనిషిని ఆ చేత్తో మళ్లీ ముట్టుకోలేదు తను. అది వద్దనలేదు, తనే. పడుకునేటప్పుడు ఆ చెయ్యి గోడవైపు వచ్చేటట్టు పక్క మార్చాడు, అంబలి ఎడమచేత్తో తాగడం నేర్చుకున్నాడు, చంటిగుంట, కూతురే, ఆ చెయ్యి పట్టుకుని ఆడబోతే లాక్కున్నాడు. గుంట ఏడ్చింది. సోములమ్మ గుంటను ఎత్తుకుని బయటికెళ్లిపోయింది, అప్పుడు చూసిన చూపు ఎందుకో ఇప్పటికీ గుర్తు, కోపం కాదు, జాలి అసలే కాదు, ఆకలేసినవాళ్లు చూసే చూపులా ఉంది. ఆడదాని మనసు అర్థం కావాలంటే ఇంకో జన్మెత్తాలి. ఆ తర్వాతే మొదలుపెట్టాడు ఎడమచేతి విద్య.

ఎడమచేతి విద్య అంటే ఊరంతటికీ నవ్వులాటే. విల్లును కుడి మణికట్టుకు అడ్డనారతో బిగించి కట్టుకోవడం, ఆ రెండు వేళ్లతో అది తిరక్కుండా ఆపడం, ఎడమచేత్తో నారి లాగడం. మొదట బాణం ముందుకు పోవడమే గగనం, కాళ్ల దగ్గర పడేది. తర్వాత ముందుకు పోయేది గానీ అనుకున్న చోటికి పోయేది కాదు. పుట్టను చూసి కొడితే రాజులమ్మత్త కోడిపెట్టకు తగిలింది, అదీ కొట్టంలో గుడ్డు పెడుతున్న పెట్ట. రాజులమ్మత్త ఆ పెట్టను పట్టుకుని ఊరంతా తిరిగి, కొండ్లో కొట్టాల్సినోడు కొట్టంలో కొడతన్నాడు అని చాటింపు వేసింది, రెండు మానికల చోళ్లు కొలిచి ఇస్తేగాని శాంతించలేదు. అత్త అలా తిట్టినందుకు లోలోపల సంతోషించాడు మల్లేశు. అప్పటిదాకా అందరూ అయ్యో పాపం అనేవాళ్లు, ఆ రోజు నుంచి తిట్టడం మొదలెట్టారు, తిట్టించుకోవడం ఎంత హాయో అయ్యో పాపం అనిపించుకున్నవాడికే తెలుస్తుంది. వానలు పోయేసరికి పుట్టకు తగిలింది. చలి వచ్చేసరికి పుట్ట మీద పెట్టిన సొరకాయకు తగిలింది. పొద్దున్నే మంచులో ఒక్కడూ పోయి ఒక్కడూ వచ్చేవాడు, ఆ ఒంటరితనం మొదట్లో శిక్షలా ఉండేది, పోను పోను రుచి మరిగాడు. డప్పుల మోతలో ఇన్నాళ్లూ తను అడవిని వినలేదని అప్పుడు తెలిసింది.

నిన్న తెల్లారగట్ల. మళ్లీ తలుచుకుందాం, ఖర్చేముంది. ఊరి దగ్గర ఇప్పచెట్ల కింద ఆడవాళ్లు పూలేరుకుంటారు గనక అటు పోలేదు, రెండు మెట్టలు దాటి ఒంటి ఇప్పచెట్టు ఉంది, దాని కింద నేలంతా పూలే, వాసనకే తల తిరుగుతుంది. గాలికి ఎదురుగా పొద చాటున కూర్చున్నాడు. చెయ్యి విల్లుకు కట్టేసి ఉంది గనక చీమలు కుట్టినా గోక్కోలేడు, కుట్టుకోనిచ్చాడు. మంచులోంచి ముందు వచ్చింది చప్పుడు, పూలు నమిలే చప్పుడు, అబ్బ ఎంత తీరిగ్గా నమిలిందో. తర్వాత కొమ్ములు. తర్వాత కంటి కిందగా తెల్లటి మెడ. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే దానికి వినబడుతుందేమో అని నోరు తెరుచుకుని ఊపిరి తీశాడు. వేళ్లు లేని చోట విల్లు దబ్బ ఆ తోలుకు ఆనుకుని ఒదిగిపోయింది, ఎలుగు కొరికింది దీనికోసమే అన్నట్టు. నారి వదిలింది ఎప్పుడో తనకు తెలియలేదు. దుప్పి ఎగిరి దూకి, రెండు అడుగులు వేసి, ఏదో మరిచిపోయినదానిలా ఆగి, మోకాళ్ల మీద కూర్చుంది. దాని దగ్గరికి పోయి దణ్ణం పెట్టాడు. కొండతల్లీ, నీ మందలోది ఒకటి తీసుకున్నాను, కోపగించకు అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు, ఎందుకేడ్చాడో అడగొద్దు, ఒక్కడే ఉన్నాడు గదా, ఏడ్చాడు. తల తనే కోసి భుజాన వేసుకుని, మిగతా మాంసానికి మంగ్లును తీసుకురావడానికి కిందికి దిగాడు. దారిలో కొమ్ములు చెట్లకు తగిలినప్పుడల్లా ఆగి, తగిలిన చెట్టును కూడా ప్రేమగా చూశాడు.

"ఏటన్నా, పొయ్యికాడ పాలు పొంగుతున్నట్టు అలా సూత్తన్నావు?"

మంగ్లే. అడ్డాకు దొన్నెలో వేయించిన కార్జం పట్టుకుని దూరంగా ఆగాడు, దగ్గరికొస్తే కుండకు నీడ తగులుతుందేమోనని వాడి భయం. దొన్నె బండ మీద పెట్టి పది అడుగులు వెనక్కి పోయి మరీ కూర్చున్నాడు.

"ముత్యాలమ్మ ఒండింది. నీకు ముందు పెట్టకుండా ఎవలూ తినకూడదంట."

"మరి నువ్వు తిన్నావేటి?"

"నాను సుట్టాన్ని కాదు గదా, దొంగని," అన్నాడు మంగ్లు మూతి తుడుచుకుంటూ. "అన్నా, నిజంగా కట్టేత్తావా యియాల? డప్పుకి కొత్త తోలు బిగించుకున్నాను నాను."

"కట్టకపోతే?"

"కట్టకపోతే రేపు మల్లీ నాకు పేడే. నా సెవులకేసి సూసైనా కట్టు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కార్జంలో మిరియం ఘాటు, ఉప్పు సరిగ్గా పడింది, తమ్ముడు వెళ్లిపోతూ పాత డప్పుపాట ఒకటి ఈలలో అందుకున్నాడు. రేపు ఆ డప్పు ఆ చివర నుంచి వస్తుంటే రాతిమాటులో తను, రెండు బండల మధ్య చల్లదనం, అయ్య వీపు ఆనించి ఆనించి నునుపెక్కిన రాయి. ఆ రాయికి వీపు ఆనించి మూడేళ్లు. ఎడమచేతివాడు ఆ సందులో ఏ బండవైపు కూర్చోవాలి, ఎప్పుడూ కుడివైపు కూర్చునేవాడు, ఇప్పుడు ఎడమకు మారాలి, అప్పుడు పొద్దు కళ్లలో పడుతుందా, పడదు, తంగేడు పొద అడ్డముంది, ఉందా లేక కొట్టేశారా, మంగ్లుని అడగాల్సింది. అలా అనుకుంటూనే పక్కనున్న కట్టె తీసి పొయ్యిలోకి తోశాడు, ఎండు కట్టె, లావుపాటిది. అయ్య ఆ బండ దగ్గర తనను మొదటిసారి కూర్చోబెట్టిన రోజు తొడమీద చెయ్యి వేసి కదలొద్దని నొక్కి పట్టుకున్నాడు, కణితి దుప్పి వచ్చి వెళ్లిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు, బాణం వెయ్యలేదు కూడా, ఎందుకెయ్యలేదయ్యా అంటే నువ్వు సూడాలని అన్నాడు. ఆ ఒక్కసారి మొట్టికాయ లేదు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ తొడమీద ఉన్నట్టే ఉంటుంది, రేపు తను అక్కడ...

కుతకుత.

ఆ చప్పుడు ఎప్పటి నుంచి వస్తోందో. లేచేసరికి కుండ పొంగుతోంది, బూడిద నురుగు అంచులు దాటి మంటలో పడి చుయ్యిమంటోంది, కొమ్ముల అడ్డాకులు మాడుతున్నాయి. కొమ్ములు పట్టుకుని తల బయటికి లాగి బండ మీద పెట్టాడు, వేళ్లు కాలాయి, అదెవరిక్కావాలి. కొమ్ములకేం కాలేదు. పుర్రె తెల్లగా, శుభ్రంగా, ముచ్చటగా వచ్చింది. హమ్మయ్య అనుకుని, కుండ ఎత్తి ఆ మురికినీళ్లు గబగబా గెడ్డలో కుమ్మరించాడు, పగ పట్టినవాడిలా ఆఖరి చుక్కదాకా. కుమ్మరించాక గాని కింది దవడ చూడాలన్న బుద్ధి పుట్టలేదు. ముందుపళ్ల వరుసలో మూడు గుంటలు. మల్లేశు కాసేపు ఆ మూడు గుంటల్నీ ఊరికే చూశాడు. మూడేళ్లు ఓపిక పట్టి, పూల కింద చీమల్ని ఓర్చుకుని, చివరికి ఒక్క కట్టె దగ్గర ఓడిపోయాడు. ముందు కుండలో చూసి తర్వాత పారబొయ్యాలిరా వెధవా, పప్పు కడిగే ఆడపిల్లకైనా తెలుస్తుంది, అయ్య ఉంటే ఈసారి మొట్టికాయ కాదు, గొడ్డలి కామే.

రాలిన పన్ను దొరికితే మైనంతో మళ్లీ నిలబెట్టొచ్చు, పోగొడితేనే తప్పు. రెండు దొరికాయి, ఒకటి కుండ అడుగున బూడిదలో ఇరుక్కుని, ఒకటి ఒడ్డు ఇసుకలో. వాటిని ఎడమ పిడికిట్లో బిగించాడు, ఇంక కిందపెడితే నమ్మకం లేదు. మూడోది నీళ్లలోనే ఉండాలి. గెడ్డలోకి దిగాడు. మోకాలిలోతు కూడా లేదు, అడుగంతా తెల్ల గులకరాళ్లు, ప్రతి రాయీ పన్నులాగే ఉంది, మాయదారి గెడ్డ, ఎన్నాళ్ల నుంచో ఈ రోజుకోసమే తెల్లరాళ్లు పోగేసినట్టుంది. వంగి వంగి నడుం పట్టేసింది. పొద్దు పైకొస్తోంది. ఒక రాయి తీసి చూశాడు, సన్నగా, నున్నగా, ఒక పక్క కోసుగా, అచ్చం అదే. ఆ గుంటలో పెట్టి చూస్తే సరిపోయేటట్టే ఉంది. ఇంత మైనం అంటిస్తే కదలదు, నాయుడి కళ్లకు పొర కమ్ముతోందని అందరూ అంటున్నారు. మల్లేశు ఆ రాయిని చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది. రాతిమాటులో కూర్చుంటే ఆ రాయికి తెలియదు, డప్పుకి తెలియదు, దుప్పికి తెలుస్తుంది. పూలు నమిలిన ఆ చప్పుడు గుర్తొచ్చింది, ఎంత తీరిగ్గా నమిలిందది. దాని నోట్లో రాయి పెడతావా నువ్వు. రాయిని దూరంగా గిరాటు వేశాడు, వేసిన వెంటనే కాస్త దిగులేసింది కూడా, అబద్ధమెందుకు. దొరక్కపోతే దొరక్కపోయింది, డప్పు కొడతాను, నిన్నటి పొద్దున మాత్రం నాదే, దాన్ని ఎవడూ తీసుకుపోలేడు అని సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకున్నా మనసు వినలేదు. అయ్య రాయికి వీపు ఆనించాలని ఉంది. అంతే, ఇంకేమీ లేదు, ఆనించాలని ఉంది.

సోములమ్మ నీళ్లకొచ్చింది. చంకలో కుండ, చెవిలో ఇప్పపువ్వు. గెడ్డలో వంగి ఉన్న మొగుణ్ణీ, బండ మీద తలనూ, బోర్లించిన కుండనూ చూసింది, అడగకుండానే సగం కథ తెలిసిపోయింది.

"రాలిపోనాయేటి?"

"మూడు. రెండు దొరికాయి." పిడికిలి ఎత్తి చూపించాడు. "ఒకటి ఈ నీల్లలోనే ఉన్నాది, కనబడ్నేదు. నువ్వు ఎతక్కు. ముట్టకూడదు, సెప్పకూడదు."

"నాకెందుకమ్మా మీ మగోల్ల యవ్వారం," అంది సోములమ్మ. "నీల్లట్టుకుని ఎల్లిపోతాను."

చీర ఎగదోపుకుని, అతనికి కాస్త దిగువగా గెడ్డలో దిగింది. కుండ ముంచబోయి ఆగింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, ఒక చోట నిలబడిపోయింది. మల్లేశు పట్టించుకోలేదు, బండ వార నీళ్లలో దేవుతున్నాడు.

"మావా. కాల్లో ముల్లిరిగిపోనాది."

"ఇప్పుడేనా?"

"ముల్లు నన్నడిగి గుచ్చుకుంటాదేటి? బేగి రా, అడుగెయ్యలేపోతన్నాను."

"ఒడ్డుకొచ్చి తీసుకోవే, ఈడ నా పనేటో నీకు తెల్దా?"

"కదల్నేను అంటన్నాను గదా. మొగుడన్నాక ముల్లైనా తియ్యడా?"

గొణుక్కుంటూ వెళ్లాడు. దీనికి ఇప్పుడే ముల్లు గుచ్చుకోవాలి, లోకంలో ఉన్న కష్టాలన్నీ ఇవాళే రావాలి. ఆమె ముందు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఏ కాలంటే కుడికాలంది. ఎడమ పిడికిట్లో పళ్లున్నాయి, విప్పితే ఉన్న రెండూ పోతాయి. మల్లేశు ఒక్క క్షణం ఆగాడు, పైకి చూశాడు, ఆమె అతన్ని చూడ్డం లేదు, ఎదురుగా కొండకేసి చూస్తోంది. నీళ్లలోకి కుడిచెయ్యి పెట్టి, మిగిలిన ఆ రెండు వేళ్లతో, ముడతల తోలుతో ఆమె మడమ పట్టుకున్నాడు. కాలు వెనక్కిపోతుందనుకున్నాడు. పోలేదు. కొంచెం కొంచెంగా బరువంతా ఆ చేతిమీద వాలింది. ఒళ్లు ఝల్లుమంది అతనికి, ఇన్నాళ్లూ గోడకేసి పడుకున్నందుకు తనను తనే కొట్టుకోవాలనిపించింది. అరికాలు తడిమాడు. కొండలెక్కి దిగి రాయిలా అయిన పాదం, దాంట్లోకి దిగే ముల్లు ఈ కొండల్లో ఇంకా మొలవలేదు. ముల్లు లేదు. ఏటే ముల్లేదీ అనబోయి నీళ్లలోకి చూశాడు. ఆమె ఎడమకాలు గట్టు కట్టినట్టు నీటి వాలుకు అడ్డంగా పెట్టుంది, దానికి బెత్తెడు ఎగువన, రెండు గులకరాళ్ల మధ్య, తెల్లగా, సన్నగా, వేరు కొసతో సహా.

మల్లేశు ఎడమ పిడికిలి కాస్త సడలించి రెండు వేళ్ల కొసలతో దాన్ని తీసుకుని, మిగతా రెండిటితో కలిపి మళ్లీ బిగించాడు. సోములమ్మ ఇంకా కొండకేసే చూస్తోంది.

"దొరికిందేటి, ముల్లు?"

"దొరికింది."

"మరైతే కాలొదులు, పొద్దెక్కిపోతన్నాది."

"ఉండెహె," అన్నాడు మల్లేశు, కుడిచెయ్యి తియ్యకుండానే. "ఇంకోటున్నాదేటో సూడనీ."